షాపు కంప్యూటర్‌లో బిల్లులు కనిపించడం లేదు, అరువు ఖాతాలు పోయినట్టేనా?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లాలో ఒక మండల కేంద్రం. నాన్నకి ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. 2005లో ఒకాయన మా కోసమే ఫాక్స్‌ప్రోలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చారు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు దాన్నే మార్చి, కొత్త ఫైళ్లతో మొదలుపెట్టించారు. ఇప్పుడు ఆయన ఫోన్ పనిచేయడం లేదు. కంప్యూటర్ విండోస్ ఎక్స్‌పీది. పోయిన వారం బిల్లులు కొడుతుండగా కరెంటు పోయింది, యూపీఎస్ నిలబడలేదు. మళ్లీ ఆన్ చేస్తే 'రికార్డ్ ఈజ్ అవుట్ ఆఫ్ రేంజ్' అని వచ్చింది. సర్వీసు అబ్బాయి వచ్చి డిస్క్ చెక్ నడిపాడు, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో రీఇండెక్స్ నొక్కాడు. ఆ మెసేజ్ పోయింది గానీ ఆ రోజు మధ్యాహ్నం నుంచి కొట్టిన బిల్లులు లేవు. కొన్ని ఖాతాలు పేరు కూడా లేకుండా ఖాళీగా వస్తున్నాయి. ఫార్మాట్ కొట్టి కొత్త సాఫ్ట్‌వేర్ వేద్దామంటున్నాడు. పెన్‌డ్రైవ్‌లో ఉన్న బ్యాకప్ 14 నెలల కిందటిది. రైతుల దగ్గర నుంచి 11 లక్షల పైనే రావాలి. నాన్న సరిగా నిద్రపోవడం లేదు. ఇంజినీరింగ్ చదువుతున్న తమ్ముడు ఫైళ్ల సైజులు, బిల్లుల ఫైలు మొదట్లో ఉన్న అంకెలు ఫొటో తీసి పంపుతున్నాడు. ఏం చేయమంటారు?

(పేరు రాయవద్దన్న పాఠకురాలు)

సమాధానం: అమ్మా, ఇది చదవగానే ముందు ఒక పని చేయండి. ఆ కంప్యూటర్‌లో ఇక ఒక్క బిల్లు కూడా కొట్టవద్దని షాపులో అందరికీ చెప్పండి. సీజన్‌లో షాపు ఆపలేరు, నాకు తెలుసు. కార్బన్ పేపరు పెట్టి బిల్లు బుక్కు మీద రాయండి. ఎరువులకి ఎలాగూ పీఓఎస్ మిషను (సబ్సిడీ ఎరువుల అమ్మకం నమోదు చేసేది) వేరే ఉంది, దాని పని దానిదే. పాత కంప్యూటర్ మాత్రం ఆపేసి ప్లగ్ తీసేయండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మీ తమ్ముడు పంపిన ఫొటోలే. ఆ మధ్యాహ్నం బిల్లులు ఇంకా ఫైలులోనే ఉన్నట్టు వాటిలో కనిపిస్తోంది. ఈ మాట ముందు నాన్నగారికి చెప్పండి, తర్వాత మిగతాది చదవండి.

ఫాక్స్‌ప్రో అంటే లెక్కల్ని పట్టికలుగా దాచే పాతకాలపు సాఫ్ట్‌వేర్. దాంట్లో డేటా ఉండే ఫైలు పేరు చివర డీబీఎఫ్ అని ఉంటుంది. దాని అమరిక చాలా సూటిగా ఉంటుంది. మొదట చిన్న తలభాగం, దాన్ని హెడర్ అంటారు. ఆ తర్వాత గీతలు కొట్టిన పుస్తకంలాగా వరుస కింద వరుస, అన్నీ ఒకే పొడవు. ఫైలులో ఎన్ని వరుసలున్నాయి, హెడర్ ఎన్ని బైట్లు, ఒక్కో వరుస ఎన్ని బైట్లు అనే మూడు అంకెలు ఆ హెడర్‌లోనే రాసి ఉంటాయి. తమ్ముడి ఫొటో ప్రకారం మీ బిల్లుల ఫైలులో వరుసలు 48,210. హెడర్ 705 బైట్లు. వరుస పొడవు 164 బైట్లు. రెండో ఫొటోలో అదే ఫైలు సైజు 79,11,410 బైట్లు.

ఇప్పుడు కాగితం మీద లెక్క వేసి చూడండి. 79,11,410లోంచి హెడర్ 705 తీసేస్తే 79,10,705. దాన్ని 164తో భాగిస్తే 48,236 వస్తుంది, శేషం ఒకటి. ఆ మిగిలిన ఒక్క బైటు ఫైలు ముగిసిందని చెప్పే గుర్తు. అంటే ఫైలులో 48,236 వరుసలకు చోటు ఉంది, హెడర్ మాత్రం 48,210 అంటోంది. తేడా 26 వరుసలు. బిల్లులో ఒక్కో సరుకుకి ఒక్కో వరుస కాబట్టి ఇవి ఏ ఎనిమిదో పదో బిల్లులు అయి ఉంటాయి. కరెంటు పోయే లోపు మీరు కొట్టినవి దాదాపు అన్నే కదా.

జరిగింది ఇదీ. బిల్లు సేవ్ చేసినప్పుడల్లా వరుసలు డిస్కు మీదకి వెళ్లాయి. మొత్తం ఎన్ని వరుసలు అనే అంకె మాత్రం మెమరీలోనే ఉండిపోయింది. దాన్ని రాసేలోపు కరెంటు పోయింది. ఏ వరుస ఎక్కడుందో చెప్పే విషయసూచిక లాంటిది ఇండెక్స్ ఫైలు. దానికి కొత్త వరుసల సంగతి తెలుసు. అది 48,211వ వరుస ఇమ్మంటే, హెడర్ అన్ని లేవంటుంది. మీకు మొదట వచ్చిన మెసేజ్ ఈ తగాదాదే. రీఇండెక్స్ నొక్కగానే ఇండెక్స్ కూడా హెడర్ చెప్పిన సంఖ్య ప్రకారమే మళ్లీ తయారైంది. మెసేజ్ పోయింది, ఆ 26 వరుసలు ఎవరికీ కనిపించకుండా అక్కడే ఉండిపోయాయి.

కొత్త బిల్లు ఎందుకు కొట్టొద్దన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఫాక్స్‌ప్రో కొత్త వరుసని హెడర్ చెప్పిన సంఖ్య తర్వాతి చోట రాస్తుంది. అంటే 48,211వ చోట. అక్కడ ఇప్పుడు ఆ మధ్యాహ్నపు మొదటి బిల్లు ఉంది. మీరు ఇవాళ ఒక సంచి యూరియాకి బిల్లు కొడితే అది ఆ పాత బిల్లు మీదే పడుతుంది. ఫొటోలు తీశాక ఎన్ని వరుసలు కొట్టి ఉంటే అన్ని పాత వరుసలు పోయినట్టే. వాటిని కాగితాల నుంచి తెచ్చుకోవాలి.

ఇంకో బటన్ కూడా ముట్టుకోవద్దు, బ్యాకప్ బటన్. ఇలాంటి పాత సాఫ్ట్‌వేర్లలో చాలావరకు కొత్త బ్యాకప్ పాత బ్యాకప్ మీదే రాస్తాయి. 14 నెలల కిందటి మంచి కాపీ మీద ఇవాళ్టి దెబ్బతిన్న కాపీ పడితే, అక్కరకు వచ్చే ఆధారం ఒకటి తగ్గుతుంది. ఆ పెన్‌డ్రైవ్ తీసి ఇంట్లో బీరువాలో పెట్టండి.

రీఇండెక్స్ పక్కనే ప్యాక్ అనో, డేటా రిపేర్ అనో ఇంకో మెనూ ఉండొచ్చు. దాని జోలికి అసలు పోవద్దు. ఫాక్స్‌ప్రోలో ఒక బిల్లు డిలీట్ చేస్తే అది వెంటనే చెరిగిపోదు, వరుస మొదట్లో ఒక నక్షత్రం గుర్తు (*) పడి దాగి ఉంటుంది, అంతే. ప్యాక్ అన్నప్పుడే నిజంగా పోతుంది. ప్యాక్ ఫైలుని హెడర్ చెప్పిన సంఖ్య వరకే తిరిగి రాస్తుంది కాబట్టి మీ 26 వరుసలు కూడా దాంతోపాటే పోయేవి. మీ సర్వీసు అబ్బాయి నొక్కిన రీఇండెక్స్‌లో ప్యాక్ లేదు. ఉండి ఉంటే ఫైలు సైజు 48,210 వరుసలకి సరిగ్గా సరిపోయేది. అది మీ అదృష్టం.

ఈ ప్యాక్ గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట ఒక కిరాణా హోల్‌సేల్ షాపులో ఇలాగే బిల్లులు తెరుచుకోకపోతే నేను వెళ్లాను. కాపీ తీయకుండా 'డేటా రిపేర్' నొక్కాను. దాని లోపల ప్యాక్ ఉందని నాకు అప్పుడు తెలియదు. తొమ్మిది రోజుల బిల్లులు పోయాయి. షాపు యజమాని నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన గుమస్తా, నేను కలిసి కార్బన్ కాపీలు ముందేసుకుని మూడు రాత్రులు కూర్చుని మళ్లీ ఎక్కించాం. కొన్ని కార్బన్లు తడిసి అంకెలు అలికినట్టు అయిపోయాయి. అవి ఇప్పటికీ గుర్తున్నాయి. ఆ తర్వాత కాపీ తీయకుండా ఎవరి ఫైలూ ముట్టుకోలేదు.

కాబట్టి తమ్ముడి మొదటి పని కాపీ. ఆ హార్డ్‌డిస్క్‌ని కంప్యూటర్ నుంచి విప్పి, యూఎస్‌బీ అడాప్టర్‌తో వేరే కంప్యూటర్‌కి తగిలించాలి. పాత డిస్కు వెడల్పాటి రిబ్బన్ కేబుల్‌ది అయితే ఐడీఈ, సన్న కేబుల్‌ది అయితే సాటా. అడాప్టర్ కొనేముందు అది చూసుకోవాలి. విండోస్‌లో తగిలిస్తే 'స్కాన్ చేసి సరిచేయమంటారా' అనో 'ఫార్మాట్ చేయమంటారా' అనో అడగొచ్చు. రెంటికీ వద్దనే చెప్పాలి. నన్నడిగితే పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ బూట్ చేసి, డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో డిస్కు మొత్తాన్ని ఒక ఇమేజ్ ఫైలుగా తీయడం మేలు. అది చదవగలిగినవన్నీ ముందు తీసేసి, మొరాయించే చోట్లకి తర్వాత తిరిగి వస్తుంది. పాడవుతున్న డిస్కుకి ఆ వరుసే మంచిది. మూలం ఏది, గమ్యం ఏది అన్నది కమాండ్‌లో రెండుసార్లు సరిచూసుకుని ఎంటర్ కొట్టమనండి. అవి తారుమారైతే ఉన్నది చెరిగిపోతుంది.

డిస్కు తగిలించగానే టిక్కు టిక్కుమని శబ్దం వస్తే, లేదా గీరుతున్నట్టు వినిపిస్తే, అక్కడితో ఆపేయండి. అప్పుడు లోపలి భాగాలే చెడుతున్నాయన్నమాట. అలాంటిది ఇంట్లో ఎన్నిసార్లు ప్రయత్నిస్తే అంత నష్టం. హైదరాబాద్‌లో డేటా రికవరీ ల్యాబులున్నాయి. డేటా రాకపోతే డబ్బులు తీసుకోము అనే షరతు రాతలో ఇచ్చేవాళ్ల దగ్గరికి వెళ్లండి. మీరు రాసినదాన్ని బట్టి మీకు ఆ అవసరం రాదనుకుంటున్నాను, కంప్యూటర్ బూట్ అవుతూనే ఉంది కదా.

ఇమేజ్ తీశాక ఆ డిస్కుని కవర్లో పెట్టి తేదీ రాసి దాచేయండి. ఇక పనంతా కాపీ మీదే. ఆ కాపీకి కూడా ఇంకో కాపీ.

ఇప్పుడు ఆ 26 వరుసలు. బిల్లుల ఫైలు కాపీని నోట్‌ప్యాడ్ లాంటి దాంట్లో తెరిచి అట్టడుగుకి వెళ్లమనండి. మీ ఫైలు హెడర్ 705 బైట్లు కాబట్టి (33 తీసేసి 32తో భాగిస్తే సరిగ్గా 21 కాలమ్‌లు) అది పాతకాలపు ఫాక్స్‌ప్రో పద్ధతి ఫైలు అని నా అంచనా. ఆ పద్ధతిలో పేర్లే కాదు, అంకెలు కూడా మామూలు అక్షరాలుగానే ఉంటాయి. తేదీ 20250618 అని సంవత్సరం, నెల, రోజు వరుసలో ఉంటుంది. దాని తర్వాత బిల్లు నంబరు, ఖాతా కోడ్, డీఏపీ 50 కేజీ, 4 సంచులు, 1350.00, 5400.00 అని ఒకదాని పక్కన ఒకటి, మధ్యలో ఖాళీలతో కంటికి కనిపిస్తాయి. నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని తెరవమనండి. ఏ బిల్లు ఎవరిదో ఆయన వెంటనే పోల్చుకుంటారు. నోట్‌ప్యాడ్‌లో చూడటం వరకే, సేవ్ చేయకూడదు.

అక్కడ వరుసలు సరిగా కనిపిస్తే, హెక్స్ ఎడిటర్ అనే రకం ప్రోగ్రాంలో కాపీ తెరిచి హెడర్ సరిచేయాలి. అది ఒక్కో బైటునీ 0 నుంచి 9, ఆపైన ఏ నుంచి ఎఫ్ వరకు ఉండే 16 గుర్తుల లెక్కలో చూపిస్తుంది. ఒకటి నుంచి లెక్కపెడితే అయిదో బైటు నుంచి ఎనిమిదో బైటు వరకు వరుసల సంఖ్య ఉంటుంది, చిన్న స్థానం ముందు వచ్చేలా తిరగేసి. 48,210కి అయిదో బైటులో 52 అని ఉంటుంది. 48,236 కావాలంటే అది 6సి కావాలి. మిగతా మూడు బైట్లు అలాగే ఉంటాయి. మార్చాల్సింది ఆ ఒక్క బైటే. సేవ్ చేశాక కాపీని లిబ్రేఆఫీస్ కాల్క్‌లో తెరిస్తే చివర 26 వరుసలూ పట్టికలో వచ్చేయాలి. కాల్క్ మూసేటప్పుడు డీబీఎఫ్‌గా సేవ్ చేయమంటారా అంటే వద్దని చెప్పి, స్ప్రెడ్‌షీట్‌గా వేరే పేరుతో దాచుకోండి. కాల్క్ తిరిగి రాసిన డీబీఎఫ్‌లో కాలమ్ వెడల్పులు మారే అవకాశం ఉంది, అప్పుడు పాత సాఫ్ట్‌వేర్ దాన్ని తీసుకోకపోవచ్చు. ఆఖరి వరుస ఒకటీ రెండూ సగం రాతతోనో ఖాళీగానో వస్తే కంగారుపడకండి. కరెంటు పోయిన క్షణంలో ఉన్న బిల్లు అది, కార్బన్ కాపీ చూసి పూర్తి చేయొచ్చు.

ఇదే లెక్క మిగతా డీబీఎఫ్ ఫైళ్లన్నిటికీ వేయాలి. బిల్లుకి ఒక వరుస చొప్పున ఉండే ఫైలు ఒకటి, జమల ఫైలు ఒకటి వేరేగా ఉంటాయి. వాటిలోనూ ఇలాంటి తేడా ఉండే ఉంటుంది. బిల్లు వరుస దొరక్కపోయినా సరుకుల వరుసలు దొరికితే చాలు, ఒకే నంబరున్న వాటిని కూడితే బిల్లు మొత్తం తిరిగి వస్తుంది.

ఖాళీ ఖాతాల సంగతి వేరు, అది కొంచెం కష్టమైనది. వాటి కోడ్ నంబర్లు వరుసగా ఉన్నాయేమో చూడండి. వరుసగా ఉంటే డిస్కు మీద ఒక ముక్క పోయినట్టు. డిస్కు ఫైళ్లని ముక్కలు ముక్కలుగా దాస్తుంది, సాధారణంగా ముక్కకి 4,096 బైట్లు. మీ ఖాతాల ఫైలులో వరుస పొడవు 128 అనుకుంటే ఒక్క ముక్క పోతే 32 ఖాతాలు ఒకేసారి ఖాళీ అవుతాయి. డిస్క్ చెక్ నడిపినప్పుడు ఇలా తెగిపోయిన ముక్కల్ని అది డ్రైవ్‌లోనే ఫౌండ్ 000 అనే పేరున్న ఫోల్డర్‌లో, చివర సీహెచ్‌కే అని ఉండే ఫైళ్లుగా పెడుతుంది. ఆ ఫోల్డర్ దాచి ఉంటుంది, మామూలుగా కనిపించదు. ఇమేజ్‌లో దాన్ని వెతికి ఒక్కో ఫైలూ నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడమనండి. మీ ఊరి పేర్లు, ఇంటిపేర్లు కనిపిస్తే ఆ ముక్క దొరికినట్టే.

దొరక్కపోయినా అయిపోయినట్టు కాదు. 14 నెలల పాత బ్యాకప్ అక్కరకు వచ్చేది ఇక్కడే. ఏడాదిలో రైతు పేరు మారదు, తండ్రి పేరు మారదు, ఊరు మారదు, ఖాతా కోడ్ మారదు. ఖాళీ అయిన పేర్లన్నీ అందులోంచి తెచ్చుకోవచ్చు. ఆ 14 నెలల్లో కొత్తగా తెరిచిన ఖాతాలకే ఇబ్బంది. వాటికి కోడ్ పట్టుకుని బిల్లు కార్బన్లలో పేరు చూసుకోవాలి.

ఖాతా పక్కన కంప్యూటర్ చూపించే బాకీ అంకెని మాత్రం, ఖాళీ కాని ఖాతాల్లో కూడా, ఇప్పుడు నమ్మవద్దు. చాలా పాత సాఫ్ట్‌వేర్లు ఆ అంకెని విడిగా దాచి, బిల్లు కొట్టినప్పుడల్లా పెంచుతూ, జమ వచ్చినప్పుడల్లా తగ్గిస్తూ పోతాయి. బిల్లు పడి ఆ అంకె పెరగకుండానే కరెంటు పోయి ఉండొచ్చు. మార్చి 31 నాటి బాకీ పట్టిక ఆడిటర్ గారికి ఇచ్చి ఉంటారు, అది తెప్పించండి. దానికి ఆ తర్వాతి బిల్లులు కలిపి, జమలు తీసేసి ప్రతి ఖాతాకీ బాకీ కొత్తగా కట్టండి. పాతకాలపు షాపుల్లో ఆవర్జా (ఖాతాల పుస్తకం) తప్పిందంటే చిట్టా (రోజువారీ లెక్కల పుస్తకం) తీసి మొదటి నుంచి కట్టుకొచ్చేవారు. ఇప్పుడు మీరు చేయాల్సింది కూడా అదే. నాన్నగారికి ఆ పని ఎవరూ నేర్పక్కర్లేదు.

మరో చిన్న అనుమానం కూడా తీర్చుకోండి. మీ కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు తేదీ సరిగానే వస్తోందా? బోర్డు మీద నాణెం లాంటి బ్యాటరీ అయిపోతే కంప్యూటర్ తేదీ ఏ 2002కో వెనక్కి వెళ్లిపోతుంది. అలా కొట్టిన బిల్లులు ఈ ఏడాది రిపోర్టులో రావు. ఒక బట్టల షాపులో నెల రోజుల బిల్లులు పోయాయని ఏడుస్తుంటే వెళ్లి చూశాను. అన్నీ 2002 జనవరిలో భద్రంగా ఉన్నాయి. కాల్క్‌లో తేదీ కాలమ్ పట్టుకుని పాత తేదీలు ముందొచ్చేలా అమరిస్తే ఇలాంటివి పైకే వచ్చి కూర్చుంటాయి.

ఇమేజ్‌లో డీబీఎఫ్ ఫైళ్లతో ఆగకండి. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కి పంపే ముందు బిల్లుని టెక్స్ట్ ఫైలుగా రాసుకునే అలవాటు ఆ రోజుల ప్రోగ్రామర్లలో చాలామందికి ఉండేది. టీఎక్స్‌టీ, పీఆర్‌ఎన్ అని చివర ఉండే ఫైళ్లు వెతకండి. ఆడిటర్ గారికి మెయిల్ చేసిన పట్టికలు మీ మెయిల్ పంపినవాటిలో ఉంటాయి. జీఎస్టీ పోర్టల్‌లో మీరు కొన్న సరుకు బిల్లులు జీఎస్టీఆర్ 2బీ అనే పట్టికలో సరఫరాదారుల వారీగా దొరుకుతాయి. ఆ పట్టిక 2020 నుంచి ఉంది. మీరు అమ్మినవి మాత్రం రైతులకి జీఎస్టీ నంబరు ఉండదు కాబట్టి అక్కడ మొత్తం అంకెలుగానే ఉంటాయి, రైతు పేరు రాదు. అయినా నెల మొత్తం సరిపోయిందా లేదా చూసుకోవడానికి అది మంచి కొలబద్ద.

రైతు వారీగా చూడటానికి మీకు పీఓఎస్ మిషను ఉంది. సబ్సిడీ ఎరువుల అమ్మకం ఆధార్ లాంటి గుర్తింపుతో ఆ మిషను మీదే జరగాలి కాబట్టి ఎవరికి, ఎప్పుడు, ఎన్ని సంచులు అన్నది దాంట్లో ఉంటుంది. మూడు సంగతులు గుర్తుంచుకోండి. విత్తనాలు, పురుగుమందులు దాంట్లో ఉండవు. అరువా నగదా అన్నదీ ఉండదు. వేలిముద్ర వేసింది కొడుకు అయి, ఖాతా తండ్రి పేరున ఉండొచ్చు. ఇంటిపేరు, ఊరు చూసి కలపాలి. ఈ పని మీకంటే నాన్నగారే వేగంగా చేస్తారు.

ఇవన్నీ చేశాక కూడా కొన్ని ఖాతాలు తేలకపోవచ్చు. అప్పుడు రైతుల్నే అడగాలి. ఎలా అడుగుతారన్నది ముఖ్యం. 'కంప్యూటర్ పోయింది, మీ బాకీ ఎంతో చెప్పండి' అని ఫోన్ చేయకండి. ఊళ్లో ఆ మాట ఒక్క పూటలో పాకుతుంది. మీకు దొరికిన బిల్లులన్నీ రాసిన కాగితం పట్టుకుని, 'బాబాయ్, మా లెక్కలో ఇవి ఉన్నాయి, మీ దగ్గరున్న చీటీలతో ఒకసారి సరిచూసుకుందాం' అని కూర్చోండి. ఇరవై ఏళ్లుగా ఒకే షాపుకి వచ్చే మనుషులు చీటీలు బియ్యం డబ్బాలోనో దేవుడి గూట్లోనో దాచుకుంటారు. మీ లెక్కలో లేని జమ రసీదు ఆయన చూపిస్తే వెంటనే తగ్గించండి. మీ లెక్కలో లేని బిల్లు చీటీ ఆయనే తీసి ఇచ్చినా ఆశ్చర్యపోకండి, నేను అలాంటివాళ్లని చూశాను.

తేలిన బాకీ కాగితం మీద రాసి, తేదీ వేసి, రైతు సంతకం తీసుకోండి. కోర్టు దాకా వెళ్లాలని కాదు. అరువు సరుకు డబ్బుకి చట్టంలో మూడేళ్ల గడువు ఉంది. ఆ గడువు లోపల బాకీ ఉందని రాసి సంతకం పెడితే ఆ తేదీ నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. పైగా ఖాతా పుస్తకంలో ఉందనే ఒక్క కారణంతో ఎవరి మీదా బాకీ రుజువు కాదు, కాగితం పుస్తకమైనా కంప్యూటర్ అయినా. తోడు ఆధారం కావాలి. ఈ సంతకం ఆ లోటు తీరుస్తుంది.

మీరు మంచి ఉద్దేశంతో చేసినా తప్పయ్యే పని ఒకటుంది. దొరకని బిల్లుల స్థానంలో ఊహించి కొత్త బిల్లులు అదే నంబర్లతో సృష్టించకండి. ఒక నంబరు ఖాళీగా ఉంటే ఉండనివ్వండి. ఏ రోజు ఏం జరిగింది, ఏ నంబర్లు దొరకలేదు, ఏవి కార్బన్ చూసి ఎక్కించారు అన్నది ఒక కాగితం మీద రాసి ఆడిటర్ గారికి ఇవ్వండి. జీఎస్టీ లెక్కల పుస్తకాలు ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. కంప్యూటర్‌లో లెక్కలు పెట్టుకునేవాళ్లు, అవి పాడైతే తిరిగి తెచ్చుకునేలా బ్యాకప్ ఉంచుకోవాలని కూడా నిబంధన ఉంది. ఎప్పుడైనా అధికారి అడిగితే మీరు రాసిపెట్టిన ఆ కాగితం, దాచిన పాత డిస్కు మీ తరఫున మాట్లాడతాయి. ఫార్మాట్ కొట్టిన డిస్కు ఏమీ చెప్పలేదు.

నెట్‌లో డీబీఎఫ్ రిపేర్ అని కనిపించే చోట్ల ఖాతాల ఫైలు అప్‌లోడ్ చేయకండి. అందులో మీ రైతుల ఫోన్ నంబర్లు, కొందరివి ఆధార్ నంబర్లు కూడా ఉండి ఉంటాయి. వాళ్లు మిమ్మల్ని నమ్మి ఇచ్చినవి. మీ తమ్ముడు ఇంట్లో కూర్చుని చేయగలిగిన పనికి వాటిని ఎవరికో ఇవ్వాల్సిన అవసరం లేదు.

సర్వీసు అబ్బాయి మీద కోపం పెట్టుకోకండి. అతను కంప్యూటర్ నడవడం గురించి ఆలోచించాడు, లెక్కల గురించి ఆలోచించడం అతని పని కాదు. అయితే కొత్త సాఫ్ట్‌వేర్ కావాలన్న మాట నిజమే. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లో మద్దతు ఆపేసింది, ఫాక్స్‌ప్రో చివరి వెర్షన్‌కి 2015 జనవరిలో. ఇంకోసారి ఇలా జరిగితే ఆ రోజుల పని తెలిసినవాళ్లు దొరకడం ఇంకా కష్టమవుతుంది. బాకీలు తేలాక, ఏదో ఒక నెల ఒకటో తేదీ నుంచి కొత్త దాంట్లో మొదలుపెట్టండి. ఖాతాల పేర్లు, సరుకుల పేర్లు, ఆ రోజు నాటి బాకీలు, నిల్వలు మాత్రమే ఎక్కించండి. ఎనిమిదేళ్ల బిల్లులన్నీ కొత్త దాంట్లోకి మార్చాలని కూర్చోవద్దు. ఆ పని తెమలదు, తప్పులూ దొర్లుతాయి. పాతవి చూసుకోవడానికి, డిస్కు ఇమేజ్‌ని వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రాం అది) ఎక్స్‌పీలాగే నడిపించొచ్చు. కంప్యూటర్ వెనక ప్రింటర్ పోర్టుకి చిన్న డబ్బీలాంటి లాక్ తగిలించి ఉంటే దాన్ని పారేయకండి, కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు అది లేకపోతే తెరుచుకోవు. తెరుచుకోకపోయినా డేటా కాల్క్‌లో వచ్చేస్తుంది.

కొత్త దాంట్లో బ్యాకప్ సాఫ్ట్‌వేర్ మూసేశాక తీయండి, నడుస్తుండగా కాదు. రెండు పెన్‌డ్రైవ్‌లు పెట్టుకుని రోజు మార్చి రోజు వాడి, ఒకటి ఎప్పుడూ ఇంట్లో ఉండేలా చూడండి. నెలకోసారి తమ్ముడి లాప్‌టాప్‌లో ఆ బ్యాకప్ తెరిచి నిన్నటి చివరి బిల్లు కనిపిస్తోందో లేదో చూడమనండి. యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ మాత్రం ఈ వారమే వేయించండి.

ఆదివారం షాపు సెలవైతే ఆ రోజే మొదలుపెట్టండి. ఉదయం కాపీ, మధ్యాహ్నం ఆ ఒక్క బైటు. 48,211వ వరుసలో ఏ బిల్లు నంబరు వచ్చిందో, అది నాన్నగారి కార్బన్ కాపీతో సరిపోయిందో లేదో నాకు రాయండి. సరిపోకపోతే ఆ వరుస ఫొటో, ఖాతాల ఫైలు హెడర్ ఫొటో కలిపి పంపండి, అక్కడి నుంచి చూద్దాం.